బొల్లికి మందుంది, కల్లబొల్లి మాటలకే లేదు

తెల్లమచ్చలను నలభై రోజుల్లో మాయం చేస్తామనే కాగితం అతికించని బస్టాండు గోడ మన జిల్లాల్లో ఉందంటే నేను నమ్మను. గోడల మీద చోటు చాలక ఇప్పుడవి ఫోన్లలోకి కూడా వచ్చేశాయి. అన్నింటి మీదా ఒక ఆకు బొమ్మ, ఒక కల్వం బొమ్మ, 'ఆయుర్వేద' అన్న మాట తప్పనిసరి. చిత్రమేమిటంటే ఇలాంటి ప్రకటనలు చట్టరీత్యా నేరం. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదంటూ ఒక జాబితా ఇచ్చారు. అందులో ల్యూకోడెర్మా, అంటే మన తెల్లమచ్చలు, పేరుతో సహా ఉంది. డెబ్భై ఏళ్ళు దాటినా గోడల మీద కాగితాలు మాత్రం చిరగలేదు.

నేను ఆయుర్వేదాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. మా ఇంట్లో కరక్కాయ, శొంఠి, పిప్పళ్ళు లేని రోజు ఉండదు. నేను చెప్పేది వేరే. ఆయుర్వేదంలో బొల్లికి వైద్యం ఉంది. దానికి పద్ధతి ఉంది, హద్దులున్నాయి. కానీ మనం డబ్బు పోసి కొంటున్నది ఆ వైద్యాన్ని కాదు. ఎందుకంటే మనం దాన్ని చాటుగా కొంటున్నాం. ఆడపిల్ల ఒంటి మీద మచ్చ కనపడగానే మనకు ముందు గుర్తొచ్చేది వైద్యుడు కాదు, పెళ్ళిసంబంధం. అక్కడే సగం నష్టం జరిగిపోతోంది.

అసలు తెల్లగా కనపడిందల్లా బొల్లి కాదు. చిన్నపిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు, కొంచెం పొట్టు లేచినట్టు వచ్చే మచ్చలు చాలావరకు చర్మం పొడిబారడం వల్ల వచ్చేవి. కొబ్బరినూనె రాస్తూ ఉంటే కొన్ని నెలల్లో వాటంతటవే సర్దుకుంటాయి. వాటిని చూసి నులిపురుగులని ఒకరు, కాల్షియం తక్కువని ఇంకొకరు మందులు మింగించేస్తారు. పెద్దవాళ్ళకి వీపు మీదా, ఛాతీ మీదా చెమట పట్టే చోట సన్నపొట్టు రాలుతూ వచ్చేది సిబ్బెం. కొందరు శోభి అంటారు. అది ఫంగస్ వల్ల వస్తుంది, దానికి మందు వేరు.

ఆడవాళ్ళు తెలుసుకోవలసినది ఇంకొకటుంది. నుదుటి మధ్య, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట గుండ్రంగా తెల్లబడితే ముందు బొట్టుబిళ్ళను అనుమానించండి. కొన్ని బిళ్ళల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. రబ్బరు చెప్పుల పట్టీ ఒత్తుకున్నంత మేర పాదం తెల్లబడటం కూడా కొందరిలో ఇలాంటిదే. బిళ్ళ మానకుండా ఎన్ని లేపాలు రాసినా ఫలితం ఉండదు. కుంకుమ పెట్టుకునే అలవాటు మళ్ళీ చేసుకోవడం ఉత్తమం.

ఇక అందరూ భయపడేది కుష్ఠు. బొల్లిని 'తెల్లకుష్ఠు' అని పిలిచే పాడు అలవాటు మనకుంది. రెండింటికీ సంబంధం లేదు. కుష్ఠు మచ్చ పాలతెలుపుగా ఉండదు, చర్మం రంగు కాస్త వెలిసినట్టు ఉంటుంది. అక్కడ గిల్లినా, సూది తాకించినా తెలియదు. బొల్లి మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఒకవేళ కుష్ఠే అయినా గుండె పగలక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. మా ఊరి మీదుగా వెళ్ళే రోడ్డే సాలూరు వెళ్తుంది. అక్కడి ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు వినని పాతకాలం వాళ్ళు ఈ చుట్టుపక్కల ఉండరు. ఆ ఆసుపత్రి మేలు చేసింది, కానీ ఆ జబ్బు చుట్టూ ఉన్న భయం మాత్రం అమాయకపు బొల్లి మచ్చకు కూడా అంటుకుంది.

మరి బొల్లి అంటే ఏమిటి? ఒంట్లో రక్షణ కోసం ఉన్న వ్యవస్థే పొరపడి, మెలనిన్ అనే రంగును తయారుచేసే కణాల మీద దాడి చేయడం. ముట్టుకుంటే అంటదు. కలిసి తింటే అంటదు. ఒకే మంచం మీద పడుకున్నా అంటదు. ప్రపంచంలో నూటికి ఒకరికి అటూ ఇటూగా ఉంటుందంటారు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే గానీ, ఎక్కువమంది పిల్లలకు రాదు. బొల్లి ఉన్నవాళ్ళలో కొందరికి థైరాయిడ్ తేడా కూడా ఉంటుంది కాబట్టి ఆ రక్తపరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది.

ఇప్పుడు ఆయుర్వేదం సంగతికి వద్దాం. శాస్త్రం దీన్ని శ్విత్రం అంటుంది, కిలాసం అని కూడా అంటుంది. కుష్ఠం అధ్యాయంలోనే చెప్పినా రెండింటికీ తేడా ఉందని సుశ్రుతుడు అప్పుడే చెప్పాడు. కిలాసం చర్మం వరకే ఉంటుంది, రసి కారదు అన్నాడు. అంత పాత పుస్తకంలో ఉన్న ఆ తేడాను ఇవాళ చదువుకున్న మన చుట్టాలు పాటించడం లేదు.

నాకు ఇంకా నచ్చిన విషయం, చరకుడు ఏది నయమవుతుందో ఏది కాదో నిజాయితీగా చెప్పడం. మచ్చ కొత్తదై, పలచగా ఉండి, దాని మీద వెంట్రుకలు ఇంకా నల్లగా ఉండి, ఒకదానితో ఒకటి కలవకుండా ఉంటే సాధ్యం. వెంట్రుకలు తెల్లబడిపోయినా, మచ్చలు కలిసిపోయినా, ఏళ్ళ తరబడి పాతబడినా కష్టం. పెదవుల మీద, అరచేతుల్లో, మర్మస్థానాల్లో వచ్చినవి, కాలిన చోట వచ్చినవి మొండివి అని పాత గ్రంథాలు తేల్చేశాయి.

ఇవాళ్టి చర్మవైద్యులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఎందుకో కూడా వాళ్ళు చెప్తారు. రంగు తిరిగి వచ్చేది ముఖ్యంగా వెంట్రుకల మొదళ్ళలో దాగి ఉన్న కణాల నుంచి. అందుకే మందు పనిచేస్తున్నప్పుడు మచ్చలో నువ్వుగింజలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా రంగు వస్తుంది. వెంట్రుక తెల్లబడిందంటే ఆ నిల్వ అయిపోయిందని అర్థం. పెదవికీ, అరచేతికీ వెంట్రుకలే లేవు కదా, రంగు ఎక్కడి నుంచి రావాలి? వేల ఏళ్ళ కిందటి వైద్యుడు కంటితో చూసి రాసిన దానికి ఇవాళ కారణం దొరికింది. అలాంటప్పుడు ఎలాంటి మచ్చనైనా నలభై రోజుల్లో మాయం చేస్తానన్నవాడు అల్లోపతికే కాదు, ఆయుర్వేదానికి కూడా విరోధే.

ఆయుర్వేదంలో ఈ జబ్బుకు ముఖ్యమైన దినుసు బావంచాలు. సంస్కృతంలో బాకుచి అంటారు. అవల్గుజం, సోమరాజి కూడా దాని పేర్లే. నల్లగా, చిన్నగా, ఒకరకమైన వాసనతో ఉంటాయి ఆ గింజలు. మూలికల కొట్లో అడిగితే ఇస్తారు. ఆ గింజల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే రంగుకణాలు మేల్కొంటాయి. మందు రాసి ఎండలో కూర్చోమని పాతకాలం వైద్యులు చెప్పింది ఇందుకే. ఆధునిక వైద్యం కూడా ఇరవయ్యో శతాబ్దంలో సోరాలెన్ మందుకు యంత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను జోడించి పువా అనే చికిత్స చేసింది. హైదరాబాదులో ఎర్రగడ్డ దగ్గర చర్మవ్యాధుల యునానీ జాతీయ పరిశోధనా సంస్థ ఉంది. బొల్లి వైద్యానికి పేరు పొందిన చోటది. అక్కడి మందుల్లోనూ ఈ గింజలున్నాయి. ఈ మూడు వైద్యాల దారులూ బావంచాల దగ్గర కలుస్తాయన్నమాట.

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు ఎండకూ చర్మానికీ ఉన్న బంధం కొత్తగా చెప్పాలా? ఒంటి మీద మచ్చ వస్తే అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకోవడం మనకు తరతరాలుగా ఉంది. రథసప్తమికి అక్కడి జనంలో మచ్చల మొక్కుబడి వాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆ మొక్కు మనసుకు ధైర్యమిస్తుంది, మంచిదే. కానీ ఆ ఎండ మందుతో కలిసినప్పుడు నిప్పు కూడా అవుతుంది. ఇది చాలామందికి తెలియదు.

మా ఆడపడుచు కూతురి విషయంలో అదే జరిగింది. బొండపల్లి వైపు పల్లె వాళ్ళది. పిల్లకి పంతొమ్మిదో ఏట మెడ మీద, వేళ్ళ కొసల మీద మచ్చలు మొదలయ్యాయి. ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలియదు. వారానికోసారి వచ్చే ఒక నాటువైద్యుడి దగ్గర పచ్చి బావంచాల ముద్ద కొన్నారు. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. పేరు లేదు, కొలత లేదు. రాసుకుని మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చోమన్నాడట. అది కూడా ఎవరూ చూడకూడదని జనం నిద్రపోయే వేళ చూసి మరీ కూర్చోబెట్టారు. రెండో రోజుకల్లా మెడంతా నీటిబుడగలు. మా ఆడపడుచు ఏడుస్తూ ఫోన్ చేసింది.

"వదినా, గుంట మెడ కాలిపోనాది. ఎవరికీ సెప్పకే, సంబంధాలు సూస్తన్నాం" అంది.

ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. "ఆసుపత్రికి ఎల్తే నలుగురికీ తెలిసిపోద్ది కదా" అంది. పిల్ల మెడ కాలిపోయి ఉంటే తల్లి భయం నలుగురి గురించి! అది ఆవిడ తప్పు అనను. ఆ భయం మనమందరం కలిసి పెట్టిందే.

కాలిన పుండు మూడు వారాలకు మానింది గానీ, దాని అంచు చుట్టూ కొత్తగా తెల్లబడింది. బొల్లి ఉన్న ఒంటికి గీరుకున్నా, కాలినా, ఒరుసుకున్నా ఆ చోట కొత్త మచ్చ వచ్చే గుణం ఉంది. మంట పుట్టేదాకా రాస్తేనే మందు ఎక్కుతుందనే వాళ్ళ మాట వినకూడదనేది ఇందుకే.

ఆ తర్వాత పిల్లను చర్మవైద్యుడికి చూపించి, బొల్లేనని నిర్ధారణ చేయించుకుని, బీఏఎంఎస్ చదివిన ఆయుర్వేద డాక్టరు దగ్గర వైద్యం మొదలుపెట్టారు. అక్కడ తెలిసింది అసలు పద్ధతి. బావంచాలను పచ్చివి వాడరు. గోమూత్రంలోనో అల్లం రసంలోనో రోజుల తరబడి నానబెట్టి శుద్ధి చేస్తారు. తైలంగా చేసి, ముందు మోచేతి దగ్గర చిన్నచోట రాసి చూస్తారు. ఉదయపు లేత ఎండలో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. లోపలికి ఖదిరారిష్టం, మంజిష్ఠాది కషాయం లాంటివి మనిషిని బట్టి ఇస్తారు. బావంచాలు లోపలికి తీసుకున్నవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. కాబట్టి మధ్యమధ్యలో లివర్ పరీక్ష చేయించారు. గర్భిణులు, బాలింతలు, కాలేయ జబ్బున్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఈ గింజల జోలికి వెళ్ళనే కూడదు.

పది నెలలకు మెడ మీద మచ్చలో చుక్కలు వచ్చి, కలిసి, చాలావరకు నిండింది. వేళ్ళ కొసలు మాత్రం అలాగే ఉన్నాయి. గ్రంథాలు చెప్పినట్టే జరిగింది. ఆ డాక్టరు మొదటి రోజే వేళ్ళ గురించి మాట ఇవ్వలేనని చెప్పారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

పథ్యం గురించి కూడా మాట్లాడుకోవాలి. బొల్లి వచ్చిన ఆడపిల్ల కంచంలోంచి మనం ఒక్కొక్కటే తీసేస్తాం. చేపలు వద్దు, ఎండుచేపలు వద్దు, వంకాయ వద్దు, చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పెరుగు వద్దు. చివరికి పిల్ల చారు లేని అన్నం తిని నీరసపడుతుంది. పాలూ చేపలూ కలిపి తినడం విరుద్ధాహారమని ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే. అది మానడం కష్టం కాదు, మానండి. కానీ చేపల పులుసు తిన్నందుకు బొల్లి వచ్చిందనీ, నిమ్మకాయ మానేస్తే పోతుందనీ చూపించిన రుజువు లేదు. వైద్యం జరిగే రోజుల్లో డాక్టరు చెప్పిన పథ్యం పాటించండి. పక్కింటి వాళ్ళు చెప్పినవన్నీ కలిపితే అది పథ్యం కాదు, శిక్ష. మగపిల్లాడికి బొల్లి వస్తే ఇన్ని మాన్పించడం మీరెక్కడైనా చూశారా?

పెళ్ళిలో కూడా అదే తేడా. మచ్చలున్న అబ్బాయికి ఉద్యోగం చూసి పిల్లనిస్తారు. మచ్చలున్న అమ్మాయికి కట్నం పెంచుతారు, లేదా మచ్చ దాస్తారు. పెళ్ళిచూపులకు పూర్తిచేతుల జాకెట్టు, మెడదాకా పౌడరు. తర్వాత బయటపడితే మోసం చేశారంటూ గొడవ. ఒక మాట గుర్తుంచుకోండి. కుష్ఠు వ్యాధి విడాకులకు కారణమని హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని కూడా తీసేసింది. బొల్లి ఆ కారణాల జాబితాలో ఎన్నడూ లేదు. చట్టం వదిలేసినదాన్ని మనం పట్టుకు వేలాడుతున్నాం.

మా మేనకోడలు మాత్రం గట్టిది. ఈమధ్య వచ్చిన సంబంధం వాళ్ళకు తానే వేళ్ళు చూపించి చెప్పింది. వాళ్ళు వెనక్కి తగ్గారు. ఇల్లంతా ఏడుపులు. పిల్ల మాత్రం, "అత్తా, పెళ్ళయ్యాక తగ్గేవాళ్ళు ముందే తగ్గారు. మంచిదే కదా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోవడం తప్ప. 'యమదొంగ'లో మనం చూసిన నటి మమతా మోహన్‌దాస్ తనకు బొల్లి వచ్చిందని 2023లో అందరికీ తెలిసేలా తానే చెప్పింది. ముఖమే జీవనాధారమైన మనిషి అంత ధైర్యం చేసినప్పుడు మన ఇంటి పిల్లలు జాకెట్టు చేతులు ఎందుకు పొడుగు చేసుకోవాలి?

దాపరికం వైద్యాన్ని ఎలా చెడగొడుతుందో చూడండి. దాచాలనుకున్నవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళరు, పొట్లం ఇచ్చేవాడి దగ్గరికి వెళ్తారు. పొట్లంలో ఏముందని అడగరు. పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం లాంటి లోహాలు బయటపడిన సందర్భాలు దేశంలో చాలా ఉన్నాయి. ఒళ్ళు మండినా ఎవరికీ చెప్పరు. డబ్బు పోయినా నిలదీయరు. పైగా పెళ్ళి ముహూర్తం లోపల తగ్గాలన్న తొందర. వైద్యానికి కావలసింది నెలల ఓపిక. మచ్చ లేతగా ఉన్న మంచి కాలం ఇలా గడిచిపోతుంది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. మచ్చ కనపడిన నెలలోనే చర్మవైద్యుడికి చూపించండి. విజయనగరం ప్రభుత్వాసుపత్రి ఉంది, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. అది బొల్లి అవునో కాదో ముందు తేలాలి. తేలాక ఆయుర్వేదం మీద గురి ఉంటే ఆయుర్వేదమే వాడండి, కానీ చదువుకున్న డాక్టరు దగ్గర. సీసా మీద తయారీ లైసెన్సు నంబరు, దినుసుల పేర్లు, గడువు తేదీ ఉన్న మందే వాడండి. ఎన్ని నెలలు చూడాలో మొదటి రోజే అడగండి. ఆ గడువులో చుక్క కూడా రాకపోతే, మచ్చలు త్వరత్వరగా పాకుతుంటే పట్టుదలకు పోవద్దు. పూతమందులున్నాయి, నారోబ్యాండ్ కిరణాల చికిత్స ఉంది, కదలకుండా నిలిచిపోయిన మచ్చలకు చర్మం అతికే పద్ధతులున్నాయి. ఏ రెండు వైద్యాలు కలిపి చేస్తున్నా ఇద్దరు డాక్టర్లకూ చెప్పండి. సోరాలెన్ ఒంట్లో ఉండగా ఇంకో చోట కిరణాలు పెట్టించుకుంటే మళ్ళీ కాలేది మన చర్మమే.

ఏ వైద్యం చేసినా కొన్ని మచ్చలు ఉండిపోతాయి. అప్పుడేం చేయాలన్నది వైద్యుణ్ణి కాదు, మనల్ని మనం అడగవలసిన ప్రశ్న. మచ్చ ఉన్న కోడలి చేతి వంట తినడానికి వెనకాడే అత్త, పేరంటానికి పిలిచి ఆ అమ్మాయికి మాత్రం పసుపు దూరం నుంచి అందించే ముత్తయిదువ, బడిలో పిల్లను వేరే బెంచీలో కూర్చోబెట్టే టీచరు... వీళ్ళలో ఎక్కువమంది మనమే, ఆడవాళ్ళమే. ఈ జబ్బుకు బావంచాలు చాలవు. వచ్చే శ్రావణ శుక్రవారం పేరంటంలో ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పాదాలకు మీ చేత్తో పసుపు రాయండి. దానికి ఏ డాక్టరు చీటీ అక్కర్లేదు.